భాగం - 12 : కంటైనర్లు, క్లౌడ్, స్వయంచాలక స్కేలింగ్ – ఒక చారిత్రక పరిశీలన

విషయక్రమం

12.0 లక్ష్యాలు
12.1 పరిచయం
12.2 ఓడరేవులో పుట్టిన పెట్టె
12.3 ఒకే యంత్రాన్ని పంచుకోవడం (1972–2008)
12.4 ప్రమాణం కుదిరిన కాలం (2013–2018)
12.5 స్వయంచాలక నిర్వహణ పనిచేసే తీరు
12.6 హైదరాబాదు అనుభవం
12.7 రద్దీ పరీక్ష : కోవిన్, 2021
12.8 చైతన్యపురి : మారే కోర్సులు, నిలిచే పునాదులు
12.9 సారాంశం
12.10 ముఖ్య పదాలు
12.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు :
• కంటైనర్ అనే భావన ఏయే దశలలో రూపుదిద్దుకొన్నదో వివరించగలుగుతారు.
• వెబ్ అప్లికేషన్ల డిప్లాయ్‌మెంట్, స్కేలింగ్ మనుషుల చేతి పని నుంచి యంత్రాల పనిగా మారడానికి కారణాలు చెప్పగలుగుతారు.
• ఈ మార్పు హైదరాబాదు నగరంలో, ముఖ్యంగా విద్యార్థుల జీవితంలో, తెచ్చిన ఫలితాలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

12.1 పరిచయం

సంక్రాంతికి రెండు రోజుల ముందు మీరు ఎల్‌బీ నగర్ కూడలిని చూసే ఉంటారు. విజయవాడ వైపు వెళ్ళే ప్రయాణికులు సంచులతో, పిల్లలతో రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. ఆ నాలుగు రోజుల కోసం ఆర్టీసీ కొత్త బస్సులు కొనదు. వేరే మార్గాలలో తిరిగే బస్సులను తెచ్చి 'పండుగ స్పెషల్' బోర్డు పెట్టి నడుపుతుంది. పండుగ అయిపోగానే వాటిని వెనక్కి పంపుతుంది. రద్దీ పెరిగినప్పుడు పెంచడం, తగ్గినప్పుడు తగ్గించడం అనే ఈ పద్ధతికి కంప్యూటరు రంగంలో 'స్కేలింగ్' అని పేరు.

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజున వెబ్‌సైటుకు వచ్చే రద్దీ కూడా ఇటువంటిదే. ఏడాదిలో అధిక భాగం ఆ పేజీని చూసేవారు కొద్దిమందే. ఫలితాల గంటలో మాత్రం లక్షల మంది ఒకేసారి చూస్తారు. ఆ ఒక్క గంటకు సరిపోయేటన్ని సర్వర్లు కొంటే మిగిలిన ఏడాదంతా అవి ఖాళీగా ఉంటాయి. సగటు రద్దీకి సరిపడేవి కొంటే అవసరమైన గంటలోనే పేజీ తెరుచుకోదు. ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నంలోనే క్లౌడ్, కంటైనర్లు, స్వయంచాలక స్కేలింగ్ అనేవి వచ్చాయి.

ఇది సాంకేతిక విషయం కదా, చరిత్ర పాఠంలో దీనికేమి పని అని మీకు సందేహం కలగవచ్చు. ఒక సాధనం ఎప్పుడు పుట్టింది, పుట్టిన ఎంతకాలానికి వాడుకలోకి వచ్చింది, దాని వల్ల ఎవరి పని పోయింది, ఎవరికి మేలు కలిగింది అనేవి చరిత్ర అడగవలసిన ప్రశ్నలే. మగ్గానికి, రైలుకు, టెలిగ్రాఫుకు వేసిన ప్రశ్నలనే ఇక్కడ సర్వరుకు వేస్తున్నాం.

12.2 ఓడరేవులో పుట్టిన పెట్టె

'కంటైనర్' అనే మాట ఓడరేవు నుంచి వచ్చింది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని నెవార్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కు 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో బయలుదేరింది. దీని వెనుక ఉన్నవాడు మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి. అంతకు ముందు సరుకును బస్తాలు బస్తాలుగా, పీపాలు పీపాలుగా కూలీలు ఓడలోకి ఎక్కించేవారు. ఓడ ప్రయాణంలో గడిపే రోజులకు దీటుగా రేవులో ఆగే రోజులు ఉండేవి. పెట్టె రాకతో లోపల ఏమున్నదో క్రేనుకు తెలియవలసిన అవసరం పోయింది. లారీ, రైలు, ఓడ మూడూ అదే పెట్టెను మోయగలిగాయి.

ఇక్కడ ఒక విషయాన్ని మీరు గుర్తుంచుకోవాలి. సరుకును పెట్టెలో పెట్టడం అనే ఆలోచన మెక్‌లీన్‌తో మొదలు కాలేదు. అంతకు ముందూ రకరకాల పెట్టెలు ఉండేవి. ప్రపంచ వాణిజ్యాన్ని మార్చినది అందరూ ఒప్పుకున్న కొలత. 1968లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కంటైనర్ల కొలతలకు ప్రమాణం ప్రకటించింది. ఈనాడు విశాఖపట్నం కంటైనర్ టెర్మినల్‌లో దిగిన పెట్టె మూత తెరవకుండానే రైలెక్కి సనత్‌నగర్‌లోని కంటైనర్ డిపోకు చేరగలదంటే దానికి ఆ ప్రమాణమే ఆధారం. సాఫ్ట్‌వేర్ చరిత్రలోనూ సరిగ్గా ఇదే జరిగింది.

12.3 ఒకే యంత్రాన్ని పంచుకోవడం (1972–2008)

పెద్ద కంప్యూటర్ల కాలంలో యంత్రం ఖరీదైనది, మనిషి సమయం చవక. కాబట్టి ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవలసి వచ్చింది. ఐబీఎం సంస్థ 1972లో 'వీఎం/370'ని ప్రకటించింది. ఇది ఒక పెద్ద కంప్యూటరును అనేక 'వర్చువల్ మెషీన్లు'గా విభజించి చూపింది. 1998లో స్థాపించిన వీఎంవేర్ సంస్థ ఇదే పద్ధతిని చిన్న సర్వర్లకు తెచ్చింది.

రెండో దారి యూనిక్స్‌లో మొదలైంది. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ వెర్షన్‌లో 'సీహెచ్‌రూట్' అనే సదుపాయం ఉంది. ఒక ప్రోగ్రాముకు మొత్తం డిస్కును చూపించకుండా ఒక ఫోల్డరునే ప్రపంచంగా చూపడం దాని పని. 2000లో ఫ్రీబీఎస్‌డీ 'జైల్స్'ను, 2005లో సోలారిస్ 10 'జోన్స్'ను అందించాయి. 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ ఒక్కో ప్రోగ్రాముల గుంపుకు ఎంత మెమరీ, ఎంత ప్రాసెసరు సమయం ఇవ్వాలో నియంత్రించే పని మొదలుపెట్టారు. అది 'సీగ్రూప్స్' పేరుతో 2008 జనవరిలో వెలువడిన లైనక్స్ కెర్నెల్‌లో చేరింది.

ఈ రెండు దారుల మధ్య తేడాను ఇలా అర్థం చేసుకోండి. వర్చువల్ మెషీన్ ఇండిపెండెంట్ ఇల్లు వంటిది. బోరు వేరు, వంటగది వేరు, మీటరు వేరు. కంటైనర్ దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి ప్రాంతాలలోని హాస్టల్ గది వంటిది. ప్రతి గదికీ తలుపు, తాళం ఉంటాయి గాని నీళ్ళ ట్యాంకు, మెస్ అందరికీ ఒకటే. అందుకే గది త్వరగా సిద్ధమవుతుంది, తక్కువ చోటు పడుతుంది. అయితే ట్యాంకులో నీరు పాడైతే అన్ని గదులకూ ఇబ్బందే. కంటైనర్లన్నీ ఒకే కెర్నెల్‌ను వాడతాయి కాబట్టి ఆ కెర్నెల్‌లో భద్రతా లోపం ఉంటే దాని ప్రమాదం అన్నింటికీ పాకుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. సముద్ర రవాణాను మార్చినది పెట్టెయా, ప్రమాణమా? మీ సమాధానానికి కారణం రాయండి.
2. వర్చువల్ మెషీన్‌కు, కంటైనర్‌కు గల ఒక ముఖ్యమైన తేడా రాయండి.

12.4 ప్రమాణం కుదిరిన కాలం (2013–2018)

1979లోనే బీజం ఉన్నప్పుడు 2013 దాకా కంటైనర్లు సాధారణ ప్రోగ్రామరుకు ఎందుకు అందలేదు? రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది ఆర్థికం. 2006లో అమెజాన్ సంస్థ ముందు ఎస్3 అనే నిల్వ సేవను, తరువాత ఈసీ2 అనే సర్వర్ల సేవను మొదలుపెట్టింది. సర్వరును కొనే బదులు గంటల లెక్కన అద్దెకు తీసుకొనే వీలు కలిగింది. 2009లో అదే సంస్థ రద్దీని బట్టి సర్వర్ల సంఖ్యను తానే మార్చే 'ఆటో స్కేలింగ్' సేవను ప్రకటించింది. సర్వరు సొంత ఆస్తిగా ఉన్నంతకాలం దాన్ని తగ్గించడం వల్ల లాభం లేదు. అద్దె వస్తువైనప్పుడే తగ్గించిన ప్రతి గంటా డబ్బుగా మిగులుతుంది.

రెండవది ప్రమాణం. 2013 మార్చిలో డాట్‌క్లౌడ్ సంస్థకు చెందిన సాలమన్ హైక్స్ పైకాన్ సదస్సులో ఐదు నిమిషాల ప్రసంగంలో 'డాకర్'ను పరిచయం చేశాడు. డాకర్ కింద ఉన్న లైనక్స్ సదుపాయాలు అప్పటికే ఉన్నవి. డాకర్ కొత్తగా ఇచ్చినది 'ఇమేజ్'. అంటే ప్రోగ్రాము, దానికి కావలసిన లైబ్రరీలు, సెట్టింగులు అన్నీ కలిపి కట్టిన మూట. "నా కంప్యూటర్లో పనిచేస్తోంది, సర్వర్లో పనిచేయడం లేదు" అనే పాత ఫిర్యాదుకు ఇది జవాబు. మీ చేతిలోని ఈ పాఠ్యపుస్తకాన్నే చూడండి. ఒకచోట అచ్చయి ఆదిలాబాదు అధ్యయన కేంద్రానికి వెళ్ళినా, నల్గొండకు వెళ్ళినా పుటలు మారవు. ఇమేజ్ కూడా అంతే. 2015 జూన్‌లో ఏర్పడిన ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్ ఈ మూట రూపాన్ని ఏ ఒక్క సంస్థ సొత్తూ కాని ప్రమాణంగా మార్చే పని చేపట్టింది.

మూటలు పెరిగాక వాటిని ఏ యంత్రం మీద ఉంచాలి, ఎన్ని ఉంచాలి అనే ప్రశ్న వచ్చింది. గూగుల్ సంస్థ తన లోపలి అవసరాలకు 'బోర్గ్' అనే వ్యవస్థను అప్పటికే చాలా ఏళ్ళుగా నడుపుతున్నది. తాము వారానికి 200 కోట్లకు పైగా కంటైనర్లను ప్రారంభిస్తున్నామని ఆ సంస్థ ఇంజనీరు జో బీడా 2014లో వెల్లడించాడు. ఆ ఏడాది జూన్‌లో బోర్గ్ అనుభవంతో రాసిన 'కుబెర్నెటిస్'ను గూగుల్ ఓపెన్‌సోర్స్‌గా విడుదల చేసింది. 2015 జూలైలో దాని 1.0 వెర్షన్ వచ్చింది. డాకర్ స్వార్మ్, మెసోస్ దానికి పోటీగా నిలిచాయి. 2017లో డాకర్ సంస్థే కుబెర్నెటిస్‌కు చోటివ్వడంతో ఆ పోటీ దాదాపు ముగిసింది. 2018 నాటికి అమెజాన్, మైక్రోసాఫ్ట్ కూడా దాన్ని సేవగా అమ్మసాగాయి.

కుబెర్నెటిస్ అంటే గ్రీకు భాషలో చుక్కాని పట్టే కర్ణధారి. ఇంగ్లీషులోని 'గవర్నర్' అనే మాట మూలమూ అదే. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి అమర్చిన వేగ నియంత్రకాన్ని కూడా గవర్నర్ అనే పిలిచారు. వేగం పెరిగితే ఆవిరిని తగ్గించడం, తగ్గితే పెంచడం దాని పని. రెండు శతాబ్దాల తరువాతి స్వయంచాలక స్కేలింగ్ వెనుక ఉన్నది ఆ సూత్రమే.

12.5 స్వయంచాలక నిర్వహణ పనిచేసే తీరు

పాత పద్ధతిలో నిర్వాహకుడు రాత్రి పొద్దుపోయాక సర్వరులోకి వెళ్ళి పాత ఫైళ్ళు తీసి, కొత్తవి పెట్టి, ఒక్కొక్క ఆదేశం టైపు చేసేవాడు. కొత్త పద్ధతిలో అతడు ఆదేశాలకు బదులు కోరిన స్థితిని రాస్తాడు. "ఈ అప్లికేషన్ ప్రతులు నాలుగు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి" అని ఒక ఫైలులో రాస్తే చాలు. ఉన్న స్థితిని, కోరిన స్థితిని వ్యవస్థ నిరంతరం పోల్చి చూస్తుంది. ఒక ప్రతి ఆగిపోతే మరొకటి లేపుతుంది.

డిప్లాయ్‌మెంట్ ఈ వరుసలో సాగుతుంది. ప్రోగ్రామరు కోడ్ మార్చగానే పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి. నెగ్గితే ఇమేజ్ తయారై రిజిస్ట్రీ అనే గోదాముకు చేరుతుంది. తరువాత పాత ప్రతులను ఒక్కొక్కటిగా తీసి కొత్తవి పెడతారు. కొత్త ప్రతి ఆరోగ్యంగా ఉందని తేలాకనే దానికి వాడుకరులను పంపుతారు. తేడా వస్తే పాత ఇమేజ్‌కు వెనక్కి వెళతారు.

స్కేలింగ్‌లో ఉన్నది ఒక చిన్న త్రైరాశికం. నాలుగు ప్రతులు నడుస్తున్నాయి. ఒక్కో దాని మీద భారం 60 శాతం ఉండాలని మన కోరిక. ఇప్పుడు 90 శాతం ఉంది. 4 × 90 ÷ 60 = 6. కాబట్టి ప్రతులను ఆరుకు పెంచాలి. కొంతసేపటికి భారం 20 శాతానికి పడిపోతే 6 × 20 ÷ 60 = 2. కుబెర్నెటిస్ మామూలుగా 15 సెకన్లకు ఒకసారి ఈ లెక్క వేస్తుంది. పెంచడంలో త్వరపడుతుంది గాని తగ్గించే ముందు మామూలుగా ఐదు నిమిషాలు వేచి చూస్తుంది. రద్దీ మళ్ళీ రావచ్చుననే జాగ్రత్త అది.

అయితే రెండు పరిమితులను మీరు గమనించాలి. మొదటిది, కంటైనర్ సెకన్లలో లేస్తుంది గాని దాన్ని ఉంచడానికి యంత్రంలో చోటు లేకపోతే కొత్త యంత్రం రావడానికి నిమిషాలు పడుతుంది. అందుకే ఫలితాల సమయం ముందే తెలిసినప్పుడు ప్రతులను ముందుగానే పెంచి ఉంచడం మేలు. రెండవది మరింత ముఖ్యమైనది. పేజీని చూపే ప్రతులను ఎన్నయినా పెంచవచ్చు. మిగిలిన సీట్లు ఎన్ని అనే లెక్క మాత్రం ఒకటే ఉండాలి. ఒకే సీటును ఇద్దరికి ఇవ్వకూడదు కాబట్టి ఆ లెక్క ఉన్న డేటాబేసు దగ్గర అందరూ వరుసలో నిలబడవలసిందే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. మూడు ప్రతులు 80 శాతం భారంతో నడుస్తున్నాయి. కోరిన భారం 60 శాతం అయితే ఎన్ని ప్రతులు కావాలి?
2. డేటాబేసును పేజీలలాగా సులభంగా పెంచలేకపోవడానికి కారణం ఏమిటి?

12.6 హైదరాబాదు అనుభవం

పౌరసేవలను కంప్యూటరు ద్వారా అందించే ప్రయత్నం మన నగరంలో 1999లో 'ట్విన్స్' ప్రయోగంతో మొదలైంది. అది 2001లో 'ఈ-సేవ'గా, 2011లో 'మీ-సేవ'గా రూపుదిద్దుకుంది. ఈ-సేవ కాలంలో రద్దీకి కొలత కౌంటరు ముందు వరుస. కౌంటర్లు ఇన్నే కాబట్టి సర్వరుకు వచ్చే రద్దీకీ ఒక హద్దు ఉండేది. ఫోను ప్రతి ఒక్కరికీ కౌంటరు కావడంతో ఆ హద్దు పోయింది. తెలంగాణలో 2016లో డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌కు మారినప్పుడు కళాశాల గేటు దగ్గరి వరుస కంటికి కనిపించని వరుసగా మారింది.

ఇంకోవైపు నగరం క్లౌడ్‌ను నిర్మించే చోటుగా కూడా మారింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం ఇక్కడకు వచ్చింది. హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల ఆ సంస్థ క్లౌడ్ విభాగాన్ని నడిపి 2014 ఫిబ్రవరిలో దాని అధిపతి అయ్యాడు. అమెజాన్ సంస్థ ఇక్కడ డేటా కేంద్రాలకు రూ. 20,761 కోట్ల పెట్టుబడిని పెడుతుందని 2020 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదు రీజియన్ మొదలైంది. 'క్లౌడ్' అనే మాట ఆకాశాన్ని తలపిస్తుంది గాని అది నేల మీదిదే. రంగారెడ్డి జిల్లా భూమిలో కట్టిన, కరెంటుతో నడిచే భవనాలవి.

12.7 రద్దీ పరీక్ష : కోవిన్, 2021

స్కేలింగ్ శక్తిని, పరిమితిని ఒకేసారి చూపిన సంఘటన కోవిన్. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 నుంచి 44 ఏళ్ళ వారికి టీకా నమోదు మొదలైంది. మొదటి నిమిషాలలో పోర్టల్ తడబడింది. తరువాత నిలదొక్కుకొని ఆ ఒక్క రోజే కోటి మందికి పైగా పేర్లను నమోదు చేసింది. సాంకేతికంగా ఇది చిన్న విజయం కాదు.

కాని నమోదు అయినవారికి స్లాట్లు దొరకలేదు. ఎందుకంటే సర్వర్లు పెరిగాయి గాని టీకాలు పెరగలేదు. వస్తువు తక్కువగా ఉన్నప్పుడు వేగంగా పనిచేసే పోర్టల్ కొరతను తీర్చదు. ఎవరి వేళ్ళు వేగంగా కదిలితే, ఎవరి నెట్ బాగుంటే వారికి వస్తువును అప్పగిస్తుంది. పైగా ఆ పోర్టల్ మొదట్లో ఇంగ్లీషులోనే ఉండేది. స్మార్ట్‌ఫోను లేని కూలీ, ఇంగ్లీషు రాని గృహిణి ఈ పోటీలో ఎక్కడ నిలుస్తారు?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్‌లతో కూడిన ధర్మాసనం 2021 మే నెలాఖరు నాటి ఉత్తర్వులో, డిజిటల్ పోర్టల్ మీదే పూర్తిగా ఆధారపడే టీకా విధానం సౌకర్యాలు లేనివారికి అన్యాయం చేస్తుందని ఆందోళన తెలిపింది. ఈ విచారణ నడుస్తున్న కాలంలోనే, మే 24న, ప్రభుత్వ కేంద్రాలలో 18–44 వారికి నేరుగా వెళ్ళి నమోదు చేసుకొనే వీలు కల్పించారు. జూన్‌లో పోర్టల్‌లోకి తెలుగుతో సహా భారతీయ భాషలు వచ్చాయి. సర్వర్ల సంఖ్య పెంచడం ఎంత అవసరమో, భాషను, నేరుగా వెళ్ళే దారిని కల్పించడం కూడా అంతే అవసరమని ఈ సంఘటన నిరూపించింది. అందుబాటు అనే మాటకు ఇంజనీరు చెప్పే అర్థం 'సర్వరు ఆగకపోవడం'. పౌరుడు చెప్పే అర్థం 'నా పని కావడం'. చరిత్ర విద్యార్థి ఈ రెండింటినీ కలిపి చూడాలి.

12.8 చైతన్యపురి : మారే కోర్సులు, నిలిచే పునాదులు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి మీదుగా ఎల్‌బీ నగర్ వరకు రోడ్డు వెంట నడిస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ ప్రకటనలు, జిరాక్స్ షాపులు కనిపిస్తాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్‌బీ నగర్ మెట్రో ప్రారంభమైంది. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో ఉండి అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు నేర్చుకోవడం సులువైంది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ రహదారి మీద వచ్చే యువతకు నగరంలో మొదటి మజిలీ ఈ ప్రాంతమే.

ఇటువంటి చోట గోడల మీది ప్రకటనలు కూడా చారిత్రక ఆధారాలే. 1990ల చివరలో వై2కే కోసం కోబాల్, మెయిన్‌ఫ్రేమ్‌లు, తరువాత జావా, డాట్‌నెట్, ఆపైన టెస్టింగ్, ఇప్పుడు డెవాప్స్, క్లౌడ్. ప్రతి దశలోనూ తల్లిదండ్రులు అప్పు చేసో, పంట డబ్బు తెచ్చో ఫీజు కట్టారు. ప్రతి దశలోనూ కొందరు నిలదొక్కుకున్నారు, కొందరి కోర్సు పాతబడిపోయింది. సర్వర్లను చేతితో నడిపే ఉద్యోగాలలో కొన్నింటిని ఆటోమేషన్ తగ్గించింది. ఆ ఆటోమేషన్‌ను రాసే, కాపాడే కొత్త ఉద్యోగాలనూ తెచ్చింది. పాత పని చేసినవాడికే కొత్త పని వస్తుందనే హామీ మాత్రం లేదు. రేవులలో పెట్టె వచ్చినప్పుడు బస్తాలు మోసిన కూలీల విషయంలోనూ ఇదే జరిగింది.

మీలో ఎవరైనా ఇటువంటి కోర్సులో చేరాలనుకుంటే ఈ భాగంలోని కాలక్రమం మీకు పనికివస్తుంది. స్వార్మ్ వచ్చింది, వెనకబడింది. మెసోస్ వచ్చింది, వెనకబడింది. 1979 నాటి ఆలోచన, లైనక్స్ కెర్నెల్, నెట్‌వర్క్ సూత్రాలు, కోరిన స్థితిని ఉన్న స్థితితో పోల్చే పద్ధతి మాత్రం నిలిచాయి. సాధనం పేరు చూసి ఫీజు కట్టేముందు దాని కింద ఉన్న పునాదిని ఆ కోర్సు నేర్పుతుందో లేదో అడగండి. పునాది తెలిసినవారికి కొత్త సాధనం కొన్ని వారాల పని. సాధనం ఒక్కటే తెలిసినవారు అది పోయిన నాడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

కృత్యం : మీ ప్రాంతంలోని కంప్యూటరు శిక్షణ ప్రకటనలను పది సేకరించండి. మీకంటే పదేళ్ళు, ఇరవై ఏళ్ళు పెద్దవారిని ఇద్దరిని కలిసి వారు ఏ కోర్సు నేర్చుకున్నారో, ఇప్పుడు ఏ పని చేస్తున్నారో అడిగి రాసుకోండి. రెండింటినీ పోల్చి ఒక పుట వ్యాసం రాయండి.

12.9 సారాంశం

కంటైనర్ ఆలోచన 1979లో మొలకెత్తి, అద్దె సర్వర్ల ఆర్థికం, ఇమేజ్ అనే ప్రమాణం కలిసిన తరువాత, 2013 నుంచి విస్తరించింది. కుబెర్నెటిస్ దాని నిర్వహణను యంత్రానికి అప్పగించింది. స్కేలింగ్ రద్దీని తట్టుకోగలదు గాని సీట్ల కొరతను, టీకాల కొరతను తీర్చలేదు. కోవిన్ అనుభవం ఈ తేడాను స్పష్టం చేసింది. హైదరాబాదులో ఈ మార్పు పౌరసేవలలోనూ, యువత చదువులోనూ, ఉపాధిలోనూ కనిపిస్తుంది.

12.10 ముఖ్య పదాలు

ఇమేజ్ : అప్లికేషన్‌ను, దానికి కావలసినవాటిని కలిపి కట్టిన మూట.
కంటైనర్ : ఇమేజ్ నుంచి లేచి, మిగతావాటికి వేరుగా నడిచే ప్రతి.
కెర్నెల్ : యంత్రానికి, ప్రోగ్రాములకు మధ్య ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం.
డిప్లాయ్‌మెంట్ : తయారైన అప్లికేషన్‌ను వాడుకలో పెట్టడం.
స్కేలింగ్ : రద్దీని బట్టి ప్రతులను పెంచడం, తగ్గించడం.

12.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కంటైనర్ల పరిణామ క్రమాన్ని 1979 నుంచి 2018 వరకు వివరించండి.
2. "సర్వర్లు పెరిగాయి గాని టీకాలు పెరగలేదు." కోవిన్ అనుభవం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అద్దె సర్వర్ల రాకకు, స్వయంచాలక స్కేలింగ్‌కు గల సంబంధం ఏమిటి?
2. ఈ-సేవ కౌంటరు వరుసకు, ఆన్‌లైన్ వరుసకు గల తేడాలు రాయండి.
3. ప్రకటనలను చారిత్రక ఆధారాలుగా ఎలా వాడుకోవచ్చు?